లారీలో కూర్చున్నాయన

విమానాశ్రయం కట్టినన్నాళ్లూ మా ఆయనకు చేతినిండా పని. టిప్పర్ మీద మట్టీ కంకరా తోలేవాడు. పొద్దున్నే వెళ్లి, సాయంత్రం కనుబొమ్మల దాకా ఎర్రదుమ్ముతో తిరిగొచ్చేవాడు. పనులు ముగిసి విమానాలు దిగడం మొదలయ్యాక టిప్పర్లు ఎక్కడివక్కడికి వెళ్లిపోయాయి. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుండిపోయాడు.

మా ఇల్లు మంఖాల్ దగ్గర, శ్రీశైలం రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. అప్పటికే చుట్టుపక్కల జొన్నచేలన్నీ ప్లాట్లవుతున్నాయి. మేము కూడా చేను అమ్ముకున్నాం. ఆ డబ్బు పాత అప్పులకూ ఇంటి పైకప్పుకూ సరిపోయింది. ప్లాట్లు కొన్నవాళ్లు ప్రహరీలు కడుతున్నారు, ఇటుకా ఇసుకా అడుగుతున్నారు. సొంత బండి ఒకటుంటే బతికేయొచ్చని మా ఆయన పట్టుబట్టాడు. కొత్త లారీ మాట అనుకోవడానికి కూడా లేదు. నడిచే పాత లారీ కూడా మాకు అందదు. చివరికి శంషాబాద్ అవతల ఒక యార్డులో, నడుములోతు గడ్డిలో నిలబడి ఉన్న ఒకదాన్ని బేరం చేశాడు. ఇంత తక్కువకు ఎలా ఇచ్చారని నేను అడిగితే, "ఖాళీగ తుప్పు పడుతుండె, ఇచ్చిండ్రు" అన్నాడు.

ఎండ నడినెత్తిన ఉండగా దాన్ని ట్రాక్టరుకు గొలుసు కట్టి తీసుకొచ్చారు. వెనక లారీలో మా ఆయన స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. ముందరి అద్దం ఒక మూల నుంచి ఇంకో మూలకు పగిలి ఉంది. ఒక దీపం ఉండాల్సిన చోట గుంట మాత్రమే ఉంది. వాకిట్లో వేపచెట్టు కింద నిలిపి, మా ఆయన దిగి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాడు. ట్రాక్టరాయన నా దగ్గరికి వచ్చి మంచినీళ్లు అడిగాడు.

మా అత్తమ్మ మంచం మీద కాళ్లు పైకి లాక్కుని కూర్చుని ఉంది. ఆమెకు రెండు కళ్లల్లోనూ పొరలు కమ్మాయి. మనుషులు ఆమెకు మసక ఆకారాలే. అడుగుల చప్పుడును బట్టి, దగ్గును బట్టి ఎవరన్నది పోల్చుకునేది.

"ఎవరి బండిరా?" అంది.

"మనదే అవ్వా."

"మంచిగైంది. మరి బండిల ఇంకా కూసున్నాయన ఎవరు? దిగుమను, ఎండల మాడుతుండు."

"ట్రాక్టరాయన్ని చూసి అంటున్నట్టుంది" అని మా ఆయన నవ్వాడు. ట్రాక్టరాయన నా పక్కనే నిలబడి చెంబు ఎత్తి నీళ్లు తాగుతున్నాడు. లారీలో ఎవరూ లేరు. ఆ సంగతి అప్పుడు నేనూ పెద్దగా పట్టించుకోలేదు. చూపు సరిగా లేని మనిషి కదా అనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి మా వాకిలి షెడ్డయిపోయింది. టిప్పర్ల దగ్గర మా ఆయనతో కలిసి పనిచేసిన మెకానిక్ ఒకతను సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు. అన్నం పెట్టి, రెండు పూటలా చాయ్ ఇస్తే చాలు, కూలి తర్వాత చూసుకుందాం అనేవాడు. వేపచెట్టు లావుపాటి కొమ్మకు చైన్ పుల్లీ కట్టి ఇంజను పైకి లేపారు. విప్పిన సామానంతా పాత చీరల మీద పరిచేవాళ్లు. ఏది కొనాలన్నా డబ్బు చేతికొచ్చేదాకా ఆగడమే. నేను ఊళ్లో జాకెట్లు కుట్టేదాన్ని. పండుగల ముందు నాలుగు ఎక్కువ కుడితే, ఆ వారం లారీకి క్లచ్ ప్లేటో గాస్కెట్టో వచ్చేది. వెనక తొట్టి చెక్కలన్నీ చివికిపోయాయి. విమానాల్లో వచ్చిన సామాను పెట్టెల చెక్కలు ఎవరో తూకానికి అమ్ముతుంటే మా ఆయన తెచ్చాడు. వాటి మీద ఏవేవో దేశాల అక్షరాలు ముద్ర వేసి ఉండేవి.

తుప్పు గీకే పని నాది. కుట్టుపని లేనప్పుడు ముక్కుకు కొంగు కట్టుకుని, ఇనుప కుంచెతో గీకుతూ కూర్చునేదాన్ని. ఎదురుగా మంచం మీద అత్తమ్మ ఉండేది.

"ఆయనకు చాయ్ ఇచ్చినవా బిడ్డా?" అనేది.

"ఎవరికత్తమ్మా?"

"గా బండిల కూసున్నాయనకు. పొద్దుగాల సంది అట్లనే కూసున్నడు."

మొదట్లో లేదని చెప్పేదాన్ని. అప్పుడామె మొహం చిన్నబుచ్చుకునేది. ఇంటికొచ్చిన మనిషిని ఎండబెడుతున్నామని బాధపడేది. ఎందుకొచ్చిన గొడవని నేనే ఒక గ్లాసులో చాయ్ పోసి, లారీ ఎక్కే మెట్టు మీద పెట్టి వచ్చేదాన్ని. చల్లారాక చెట్టు మొదట్లో పారబోసేదాన్ని. ఒకసారి చూస్తే గ్లాసు మెట్టు మీద లేదు. క్యాబిన్ లోపల, స్టీరింగ్ వెనక అద్దం దగ్గర పెట్టి ఉంది, ఖాళీగా. మెకానిక్ తాగాడేమో అనుకున్నాను. ఆ రోజు మెకానిక్ రాలేదన్న సంగతి అంట్లు తోముతుండగా గుర్తొచ్చింది. గ్లాసును ఒకటికి రెండుసార్లు కడిగాను.

అత్తమ్మకు మాత్రం భయమన్నదే లేదు. ఆమెకు కాలక్షేపం దొరికింది. చూపు తగ్గాక ఎవరూ దగ్గర కూర్చుని మాట్లాడడం లేదు మరి. నేను మిషను దగ్గర, కొడుకు ఇనుము దగ్గర. ఇప్పుడు ఆమె నోట్లో ఆకు పెట్టుకుని లారీ వైపు తిరిగి కూర్చుని, తగ్గు గొంతుతో ముచ్చట్లు చెప్పేది.

"ఏమంటడత్తమ్మా?" అని ఒకరోజు ఊరికే అడిగాను.

"ఏమంటడు, చేను ఏమైందని అడిగిండు. ప్లాట్లయినయి అని జెప్పిన. ఇగ ఏం మాట్లాడలే."

"ఎట్లుంటడు?"

"బక్కగ, పొడుగు. నెత్తి తెల్లగ ముగ్గుబుట్ట లెక్క ఉంటది. మొఖం కనవడది. నన్ను అవ్వా అంటడు పిల్లా! నా ఈడు ముసలోడు, నన్ను అవ్వా అనుడేంది?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

విమానాలు మా ఇంటి మీదుగానే దిగేవి. ముందు దాని నీడ వచ్చేది. పక్కింటి గోడ ఎక్కి, మా వాకిలి దాటి, లారీ మీదుగా జారిపోయేది. ఆ వెనకే చప్పుడు. ఆ కొద్దిసేపూ పక్కన అరిచినా వినిపించదు, అందరం మాటలు ఆపేసేవాళ్లం. అత్తమ్మ ఒక్కతే ఆపేది కాదు. ఆ మోతలో ఆమె పెదవులు కదలడం నేను చూసేదాన్ని. కాసేపు మాట్లాడి, కాసేపు చెవి ఒగ్గి వినేది. తల ఊపేది. చప్పుడు పోయేసరికి నోరు మూసుకుని మామూలుగా కూర్చునేది. మాకేమీ వినిపించని ఆ హోరులో ఆమెకు ఏం వినిపించేదో నాకు అర్థమయ్యేది కాదు. విమానం నీడ పడినప్పుడల్లా నేను తుప్పు గీకడం ఆపి, లారీకి వీపు తిప్పకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

సీటు కుట్టడం నా వంతుకొచ్చింది. పాత సీటు రెగ్జిన్ చిరిగి, లోపలి స్ప్రింగులు బయటికి పొడుచుకొచ్చాయి. దాన్ని వాకిట్లోకి దింపి బ్లేడుతో కోశాను. పాత పీచు అంతా పొడి పొడిగా రాలింది. అందులో ఒక తస్బీ దొరికింది, సాయిబులు జపం చేసుకునే పూసల దండ. పాత డ్రైవరుది అయి ఉంటుందని కడిగి దాచాను. కొత్త కొబ్బరిపీచు తెప్పించి, కింద గోనెపట్టా వేసి, గుద్దితే చెయ్యి తిరిగొచ్చేంత గట్టిగా కూరాను. రంగు రంగుల రెగ్జిన్ ముక్కలు జోడించి, దబ్బనంతో చుట్టూ కుట్టాను. నాలుగు రోజులు వేళ్లు వాచాయి. మా ఆయన దాన్ని మళ్లీ లోపల బిగించి, "రాజుగారి కుర్చీ లెక్కుంది" అన్నాడు.

అప్పటికి ఇంజను ఇంకా చెట్టుకే వేలాడుతోంది. క్యాబిన్‌లోకి ఎక్కి కూర్చునే పని ఎవరికీ లేదు. కొన్నాళ్లకు అద్దం తుడుద్దామని ఎక్కితే సీటు మధ్యలో గుంట పడి ఉంది. పీచు సర్దుకుందేమో అనుకున్నాను. కుట్లు విప్పి ఇంకా కూరి మళ్లీ కుట్టాను. మళ్లీ గుంట పడింది. అది ఊరికే కుంగిన గుంటలా లేదు. రోజూ గంటల తరబడి మనిషి కూర్చున్న చోటు ఎలా ఉంటుందో అలా ఉంది. నేను మనుషుల కొలతలు తీసి బతికేదాన్ని. చూడగానే తెలిసింది, సన్నటి మనిషి. కిటికీ వైపు మోచెయ్యి ఆనించి ఒరిగి కూర్చుంటాడు, ఆ పక్క లోతు ఎక్కువ. చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. ఎండ తగిలి ఉంటుందనుకుని కిందికి దిగాను. దిగి చూస్తే ఎండ లారీకి అవతలి పక్క ఉంది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పని ఆగిపోతుంది. పని ఆగితే మేం ఏం తింటాం?

ఇంజను లోపలికి దిగింది. బ్రేకుల పని కూడా అయిపోయింది. చక్రాలు బిగించి మెకానిక్ చేతులు తుడుచుకుంటుంటే అత్తమ్మ పిలిచింది.

"ఇగో అయ్యా, ఎడమదిక్కు ముందు చక్రం పట్టుకుంటలేదట. మళ్ల ఒక్కసారి జూడుమంటుండు."

"ఎవరవ్వా చూడమంటుంది?"

"గాయనే. నీకు జెప్పుమన్నడు."

మెకానిక్ నవ్వాడు. ఇప్పుడే బిగించానని చెప్పాడు. అత్తమ్మ వదల్లేదు. పెద్దామె మాట ఎందుకు తీసెయ్యాలని ఆ చక్రం మళ్లీ విప్పాడు. నేను అతనికి చాయ్ తెచ్చి నిలబడ్డాను. మా ఆయన లోపల బ్రేకు తొక్కాడు. మెకానిక్ డ్రమ్ము తీసిన చోట మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నాడు. లోపలి పిస్టన్ కదల్లేదు. మళ్లీ తొక్కమన్నాడు. కదల్లేదు. అది బిగుసుకుపోయింది. అలాగే రోడ్డెక్కితే, లోడు మీద బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకు లాగి పడిపోయేది.

అతను చేతిలోని స్పానర్ పక్కన పెట్టి లేచాడు. చాయ్ గ్లాసు అందుకుని, మా ఆయన సామాను వెతకడానికి ఇంట్లోకి వెళ్లేదాకా ఆగి, "అక్కా, అన్న నీకు చెప్పలేదా?" అన్నాడు.

"ఏం చెప్పాలె?"

"ఈ బండి తోలిన సాయిబు ఈ సీట్లనే పోయిండు. తుక్కుగూడ దాటినంక రోడ్డు పక్కకు ఆపుకున్నడట. గుండె ఆగింది. ఇంజన్ నడుస్తనే ఉండె. ఇంజన్ నడుస్తుంది గదా, జర కన్ను మూసుకున్నడేమో అని అందరు దాటిపోయిండ్రు. డీజిల్ అయిపోయి బండి దానంతట అదే ఆగినంక గాని ఎవ్వరు దగ్గరికి పోలే. మల్ల దాన్ని తోలెటోడు దొరకలే. గందుకే గంత సస్తాగ వచ్చింది."

ఆ రోజు నుంచి మెకానిక్ డ్రైవర్ సీటు వైపు నుంచి ఎక్కలేదు. ఏం చేయాలన్నా క్లీనర్ వైపు తలుపు తీసుకుని, వంగి చేసేవాడు.

సాయంత్రం మా ఆయన్ని నిలదీశాను. ఆయనేం దాచలేదు. "చెప్తే నువ్వు ఒప్పుకుంటుంటివా?" అన్నాడు. "ఇంట్ల మనిషి పోతే ఇల్లు ఇడిశిపెడుతమా? సీట్ల పోతే బండి ఇడిశిపెట్టాల్నా? ఆయన పుణ్యాన మనకు బండి దొరికింది, అట్ల అనుకో."

నేనలా అనుకోలేకపోయాను. అత్తమ్మ మాట్లాడేది చచ్చిపోయిన మనిషితోనని నాకు ఖాయమైపోయింది. వాకిలి ఊడ్చేటప్పుడు లారీ చుట్టూ వదిలేసి ఊడ్చేదాన్ని. చివరికి ఆ తస్బీ గుర్తొచ్చింది. అది వాళ్ల మనిషిది, మా ఇంట్లో ఎందుకుండాలి? తిరిగిచ్చేస్తే ఆయన కూడా వెళ్లిపోతాడేమో అనిపించింది.

మెకానిక్‌ను అడిగి గుర్తులు తెలుసుకుని బాలాపూర్ వెళ్లాను. సన్న గల్లీలో చిన్న ఇల్లు. ఆయన భార్య ఒక్కతే ఉంది. ఫలానా లారీ మేం కొన్నామని చెప్పి, గుడ్డలో చుట్టిన తస్బీ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుని, పూసలన్నీ వేళ్లతో తడుముకుంటూ కూర్చుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"ఇంజన్ బంద్ చెయ్యకుండ పోయిండు బేటీ. డీజిల్ వేస్ట్ అయితే ఆయనకు శానా కోపం. రైలు గేటు కాడ గూడ బంద్ చేస్తుండె. బండి నడుస్తనే ఉండె అని చెప్పంగనే నాకు సమజ్ అయింది, చెయ్యి గూడ లేవలేదు ఆయనకు అని."

నేను అడగాల్సింది అడగడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఎలా ఉండేవారని అడిగాను.

"మోటా మనిషి" అందామె, కొంగుతో కళ్లు తుడుచుకుని కొంచెం నవ్వుతూ. "పొట్ట స్టీరింగ్‌కు తాకుతుండె. పొట్టి. నెత్తి మీద ఒక్క ఎంటిక లేకుండె. గడ్డానికి మాత్రం శౌక్‌గ మెహందీ పెడుతుండె, ఎర్రగ."

తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ పోలికలు ఒక్కొక్కటే సరిచూసుకున్నాను. నేను పీచు కూరిన సీటులో పడ్డ గుంట సన్నటి మనిషిది. అత్తమ్మ చెప్పిందీ పొడుగాటి, బక్క మనిషినే, తెల్లటి తల ఉన్నవాణ్ణి. ఇంతకాలం ఆ సాయిబే అనుకుని భయపడ్డాను. ఆయన కాదని తెలిశాక ఆ భయానికి ఆధారం కూడా పోయింది. ఆయన కాకపోతే ఇంకెవరు?

ఆ రోజుల్లోనే ఊళ్లోకి కంటి శిబిరం వాళ్లు వచ్చారు. డబ్బు తీసుకోకుండా ఆపరేషన్ చేస్తామని, ముసలివాళ్లను బస్సులో తీసుకెళ్తామని చెప్పారు. అత్తమ్మను ఒప్పించడానికి నేను చాలా తిప్పలు పడ్డాను. నిజం చెప్పాలంటే ఆమె కళ్లకంటే నా మనసు కోసమే ఎక్కువ తొందరపడ్డాను. పొర తీసేస్తే ఆ మసక ఆకారాలు పోతాయి, ఈ మాటలు ఆగిపోతాయి అనుకున్నాను. మా ఆయనా అదే అన్నాడు. "చూపొస్తే అవ్వకు బండిల ఎవ్వరు లేరని తెలుస్తది."

ముందు ఒక కంటికి చేశారు. దవాఖాన నుంచి నల్ల కళ్లద్దాలతో ఆటోలో తీసుకొచ్చాం. దారి పొడుగునా ఆమె సంబరం చూడాలి. దుకాణాల రంగులు, గేదెల కొమ్ములు, అన్నీ పేరుపేరునా చెబుతోంది. ఇంటి ముందు దిగి నన్ను ఎగాదిగా చూసి, "ఏందే, గింత నల్లగైనవ్? మొఖం గట్ల పీక్కపోయిందేంది?" అని నా చెంపలు తడిమింది. మా ఆయన ఆమె జబ్బ పట్టుకుని వాకిట్లోకి నడిపించాడు.

లారీ ముందుకు వచ్చాం. అప్పటికి కొత్త అద్దం పడింది, నీలం రంగు మొదటి పూత అయింది. "చూడు అవ్వా మన బండి" అని మా ఆయన గర్వంగా చూపించాడు.

అత్తమ్మ నల్లద్దాలు పైకి ఎత్తి చూసింది. తొట్టి చూసింది, చక్రాలు చూసింది. తర్వాత డ్రైవర్ సీటు వైపు చూసి ఆగిపోయింది. నవ్వుతున్న మొహం అలాగే ఉండి, నవ్వు మాత్రం పోయింది. పక్కన నిలబడ్డ కొడుకు వైపు తిరిగి అతని మొహంలోకి చూసింది. మళ్లీ లారీలోకి చూసింది. మళ్లీ కొడుకును చూసింది. చెయ్యెత్తి అతని నల్లటి జుట్టు మీద, నుదుటి మీద, చెంప మీద మెల్లగా రాసింది.

"ఏమైంది అవ్వా?"

"ఏం లేదు. లోపలికి పోదాం పా."

ఆ సాయంత్రం తన మంచం తనే ఈడ్చుకుంటూ ఇంటి వెనక్కి తీసుకుపోయింది. మళ్లీ ఎన్నడూ వేపచెట్టు కింద కూర్చోలేదు. ఎవరికీ చాయ్ ఇమ్మనలేదు. విమానం వస్తే రెండు చేతులతో చెవులు మూసుకునేది. ఆమె మాట్లాడినన్నాళ్లూ భయపడ్డాను గానీ, ఆ మౌనం నన్ను అంతకంటే ఎక్కువ భయపెట్టింది.

లారీ పూర్తయింది. మొదటిసారి ఇంజను స్టార్టయిన రోజు వాకిలంతా నల్లటి పొగ. మెకానిక్ ఎగిరి గంతేశాడు, మా ఆయన కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నాడు. ఫిట్‌నెస్ కాగితం చేతికొచ్చాక మొదటి లోడు ఇటుకలు, మహేశ్వరం దగ్గర ఎవరిదో ప్రహరీకి. బయలుదేరేముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. కొబ్బరికాయ కొట్టడానికి అత్తమ్మను రమ్మంటే కడుపులో నొప్పి అంది. నేనే కొట్టాను.

బండి బాగా నడిచింది. తిండికీ బట్టకూ వెతుక్కోవాల్సిన పని తప్పింది. ఆ చలికాలం ఒక మధ్యాహ్నం ఇంటి వెనక కూర్చుని నేనూ అత్తమ్మా కందికాయలు ఒలుస్తున్నాం. ఆమె తనంతట తనే మొదలుపెట్టింది.

"కండ్లకు పొర ఉన్ననాడే మంచిగుండె బిడ్డా."

"ఎందుకత్తమ్మా?"

"మొఖం కనవడకపోతుండె. ఎవరో పెద్దమనిషి అనుకుని ముచ్చట వెట్టిన."

చేతిలో కాయ అలాగే పట్టుకున్నాను. "ఎవరత్తమ్మా ఆయన?"

ఆమె చాటలోని గింజలు ఒక పక్కకు, పొట్టు ఒక పక్కకు చేసింది. నా వైపు చూడకుండానే చెప్పింది.

"మనోడే. నా కొడుకే. ముసలోడైండు. చెంపలు గుంటలు వడ్డయి, ఎంటికెలు అన్ని తెల్లగైనయి. అయినా కన్నదాన్ని, నేను గుర్తువట్టనా? పక్కపొంటి నల్లటి ఎంటికెలతోని ఒకడు నా రెక్క పట్టుకుని నిలవడ్డడు. ముందట తెల్లటి ఎంటికెలతోని ఒకడు కూసున్నడు. ఇద్దరూ వాడే. లోపలున్నోడు నన్ను జూసి, అవ్వా నీకు చూపొచ్చిందా అని అడిగిండు."

  ఆమె గింజలు చెరిగి లోపలికి తీసుకుపోయింది.

అది కడుపులో పెట్టుకుని ఉండలేకపోయాను. మా ఆయన ఇంటికొచ్చి స్నానం చేసి అన్నానికి కూర్చున్నాక మొత్తం చెప్పాను. సీటు గుంట సంగతి, బాలాపూర్‌లో ఆమె చెప్పిన పోలికలు, అత్తమ్మ ఇవాళ అన్న మాట, అన్నీ. లారీ అమ్మేద్దామన్నాను. ఆయన ముద్ద పట్టుకుని వింటూ వింటూ, చివర్లో పెద్దగా నవ్వేశాడు.

"అంటే నాకు నెత్తి తెల్లవడేదాంక ఏం గాదన్నట్టేగదే! ఇంతకంటే మంచి కబురు ఏ డ్రైవర్‌కు దొరుకుతది? గుంతల రోడ్లు, తాగి తోలెటోళ్లు, ఏదీ నన్ను ఏం చెయ్యదు. భయపడకు."

లేచి చెయ్యి కడుక్కుని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి ఆమె పక్కన మంచం మీద పడుకున్నాడు. "ముసలోణ్ణయినా మంచిగున్ననా అవ్వా?" అని అడగడం నాకు వినిపించింది. ఆమె చేత్తో అతని వీపు మీద ఒక్కటి వేసింది. తర్వాత ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు విని నెలలయింది.

లారీ అమ్మలేదు. నాకూ మెల్లమెల్లగా ధైర్యం వచ్చింది. ఆయన రావడం ఆలస్యమైన రోజుల్లో, ఆయన తల ఇంకా నల్లగానే ఉంది కదా అనుకుంటే గుండె కుదుటపడేది. ఎవరికైనా చెబితే నవ్వుతారు. కానీ ఆ లారీ ఒకసారి పహాడీషరీఫ్ దగ్గర ఎదురుగా వచ్చిన కంటెయినర్‌ను తప్పించుకుని గుంతలో దిగబడితే, ఆయన చిన్న గీత కూడా పడకుండా ఇంటికొచ్చాడు. నేను ఆయన తల నిమిరి చూసి అన్నం పెట్టాను, అంతే.

ఆ తర్వాత రెండేళ్లకు అత్తమ్మ నిద్రలోనే పోయింది. ఆఖరి రోజుల్లో రోజూ కొడుకును కింద కూర్చోబెట్టుకుని తలకు నూనె రాసేది. పాయలు విడదీసి విడదీసి చూసేది. ఎందుకు చూస్తోందో మా ముగ్గురికీ తెలుసు. 

రాష్ట్రం వేరుపడిన ఏడాది లారీకి నూకలు చెల్లాయి. చాసిస్‌కు, అంటే కింది ఇనుప చట్రానికి పగులు వచ్చింది, ఇక ఫిట్‌నెస్ రాదన్నారు. తుక్కు కింద ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాం. చివరిసారి నేను కూడా వెంట వెళ్లాను. యార్డులో ఒక మూలకు తీసుకెళ్లి నిలిపి మా ఆయన ఇంజను ఆపాడు. నేను దిగి అవతలి పక్కకు వచ్చాను. ఆయన దిగలేదు. కిటికీకి మోచెయ్యి ఆనించి, కొంచెం ఒరిగి, అద్దంలోంచి ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

పిలిచాను. పలకలేదు. సరిగ్గా అప్పుడే మా మీదుగా విమానం దిగుతోంది. నీడ ఆయన మొహం మీద పడింది. నేను గట్టిగా అరుస్తున్నాను గానీ నా గొంతు నాకే వినిపించడం లేదు. ఆ నీడలో ఆయన చెవుల పక్క వెంట్రుకలు బూడిదరంగులో కనిపించాయి. తలుపు పట్టుకుని లాగాను, రాలేదు. 

విమానం వెళ్లిపోయింది. "వస్తున్న, వస్తున్న. ఎందుకు గంత అరుస్తున్నవ్?" అంటూ ఆయన తలుపు తీసుకుని దిగాడు. యార్డువాళ్లకు తాళంచెవి ఇచ్చేసి, షేర్ ఆటో ఎక్కి ఇంటికొచ్చాం.  ఇంటి ముందు దిగాక, ఆయన కిరాణా దుకాణం దగ్గర ఆగి, ఒక పొట్లం కొని జేబులో వేసుకున్నాడు. అది జుట్టుకు వేసుకునే నల్లరంగు.

అప్పుడంత నవ్విన మనిషి ఇప్పుడు నెలకోసారి వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఒక స్కూలు బస్సు తోలుతున్నాడు. రంగు వద్దని నేనెప్పుడూ అనలేదు. పాత టూత్‌బ్రష్‌తో రంగు నేనే పెడతాను. "చెవుల వెనక మంచిగ పెట్టు, యాడ తెల్లగ కనవడొద్దు" అంటాడు. పాయలు విడదీసి, మొదళ్లు వెతికి వెతికి, ఒక్కటి కూడా వదలకుండా పెడతాను.